సుడోకు, పులి-మేక, కీర్తన: పెద్దవాళ్ల బుర్రకు ఏది మేలు?

మా అమ్మ ఈ మధ్య అన్నమయ్య కీర్తనలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. అప్పటినుంచి తిరుపతిలో తెలిసినవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే. "మా నాయన రోజూ పేపర్లో సుడోకు చేస్తాడు, అది చాలదా?" "మా అత్త టీవీ వదలదు, ఏం అలవాటు చేయాలి?" అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. నడక, బీపీ, షుగర్ సంగతి అందరికీ తెలిసిందే. యూనివర్సిటీ గ్రౌండ్‌లో నడిచేవాళ్లు నడుస్తూనే ఉండాలి, దానికి ఇవేవీ బదులు కావు.

నా మటుకు తేల్చే విషయం ఒకటుంది: ఆ పని ఆ మనిషికి ఇప్పటికే వచ్చా, ఇంకా రాదా? వచ్చిన పని హాయిగా ఉంటుంది. బుర్రకు పని పెట్టేది మాత్రం రాని పనే. అమెరికాలో డెనిస్ పార్క్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధన చదివాక నాకు ఈ నమ్మకం గట్టిపడింది. 60 నుంచి 90 ఏళ్ల మధ్యవాళ్లు 221 మంది అందులో పాల్గొన్నారు. కొందరికి డిజిటల్ ఫొటోగ్రఫీ, కొందరికి బొంతలు కుట్టడం మూడు నెలలపాటు, వారానికి సుమారు 15 గంటల చొప్పున నేర్పించారు. ఇంకో గుంపు కొత్తగా ఏమీ నేర్చుకోకుండా కబుర్లతో, ఆటలతో, షికార్లతో గడిపింది. జ్ఞాపకశక్తి మెరుగుపడింది నేర్చుకున్నవాళ్లకే, అందులోనూ ఫొటోగ్రఫీ పట్టినవాళ్లకు బాగా. పదిమందిలో కూర్చుంటే చాలనుకునే మనం దీన్ని పట్టించుకోవాలి.

ఇప్పుడు సుడోకు, గళ్ళ నుడికట్టు. కొత్తలో మంచివే. కిటుకు దొరికాక చెయ్యి దానంతటదే నడుస్తుంది. పైగా ఒకదానిలో సాధన చేస్తే వచ్చే లాభం ఎక్కువగా దానికే పరిమితం. అమెరికాలోనే 2,832 మంది పెద్దవాళ్లకు జ్ఞాపకశక్తి, తర్కం, చురుకుదనం విడివిడిగా సాధన చేయించిన పెద్ద పరిశోధనలో తేలింది ఇదే. ఎవరికి ఏది నేర్పారో వాళ్లు అందులోనే మెరుగయ్యారు. పదేళ్ల తర్వాత తర్కం, చురుకుదనం సాధన చేసినవాళ్లకు కొంత లాభం మిగిలింది, జ్ఞాపకశక్తి సాధన చేసినవాళ్లకు మిగల్లేదు. కాబట్టి మీ నాయన సుడోకు మాన్పించొద్దు, కానీ అది చాలనుకోవద్దు. ఫోన్లో ఆడే ఆటలకూ ఇదే మాట.

పులి-మేక, చదరంగం ఇంకో మెట్టు పైన. ఎదుట మనిషి ఉంటాడు, వాడి ఎత్తు ముందుగా తెలియదు. మూడు పులులు, పదిహేను మేకల ఆట మన పాత మండపాల బండల మీద గీసి ఉంటుంది. పెద్దవాళ్లలో చాలామందికి చిన్నప్పుడు వచ్చి, ఇప్పుడు మరుపున పడింది. మనవడికి నేర్పుతూ ఆడితే ఇంకా మంచిది, ఎందుకంటే నేర్పాలంటే తనకు తెలిసినదాన్ని మళ్లీ వరుసలో పెట్టుకోవాలి. 75 దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో బోర్డు ఆటలు ఆడేవాళ్లు, చదివేవాళ్లు, వాద్యం వాయించేవాళ్లు, నాట్యం చేసేవాళ్లలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. అయితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఇవి ఆడుతుండవచ్చు కూడా. ఏ ఆటా జబ్బుకు మందని నేను అనను. ముప్పయ్యేళ్లుగా అదే నలుగురితో రమ్మీ ఆడేవాళ్లకు అది కాలక్షేపమే.

నా ఓటు మాత్రం కీర్తనకు. కళామందిరంలో కూర్చుని వినడం గురించి కాదు, వచ్చిన పాటే భజనలో పాడటం గురించి కూడా కాదు, రాని కీర్తన నేర్చుకోవడం గురించి చెబుతున్నాను. మాట గుర్తుండాలి, స్వరం గుర్తుండాలి, చేత్తో తాళం తప్పకూడదు, పక్కవాళ్ల గొంతు వింటూ పాడాలి. అన్నీ ఒకేసారి. చాలా కీర్తనల్లో పల్లవి, మూడు చరణాలు. ఒక చరణం అయ్యి పల్లవికి వచ్చాక, తర్వాతి చరణం ఎత్తుగడ అందుకోవడం దగ్గరే పెద్దవాళ్లు తడబడతారు. ఆ తడబాటు మంచిదే, అక్కడే పని జరుగుతోంది. అన్నమయ్య 1408లో పుట్టినవాడు. ఆయన మాటలు కొన్ని ఇప్పుడు వాడుకలో లేవు, అర్థం అడిగి తెలుసుకోవాలి. అమ్మ ఇప్పుడు వంట చేస్తూ చరణాలు వల్లె వేసుకుంటోంది, మాట తట్టకపోతే పుస్తకం తీయకుండా ఆగి ఆలోచిస్తోంది. ఇదివరకు ఆ టైముకు సీరియల్ నడిచేది. ఒకటి వచ్చాక ఇంకోటి ఎత్తుకోవాలి, అక్కడే ఆగితే మళ్లీ సుడోకు సంగతే.

గుంపును ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు అడగండి. వరుసవరుసగా విడమరిచి నేర్పుతారా? ఒక్కొక్కరి చేత విడిగా పాడిస్తారా? విడిగా పాడించని చోట వెనక వరుసలో పెదవులు కదిపి వచ్చేయొచ్చు. కోలాటం కూడా బాగుంటుంది, మోకాళ్లు సహకరిస్తే.

పాటంటే ఇష్టం లేనివాళ్లకు తమిళ అక్షరాలు చెబుతాను. చిత్తూరు వైపు చాలామందికి తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వేలూరు బస్సు బోర్డుతో మొదలుపెట్టవచ్చు. హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో చెప్పిన ప్రకారం, రెండు భాషలు వచ్చినవాళ్లకు ఆ జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలోనూ తేడా కనిపించింది. అది జీవితమంతా రెండు భాషల్లో బతికినవాళ్ల లెక్క. అరవై దాటాక అక్షరాలు దిద్దితే అంతే లాభం వస్తుందని ఆశపెట్టను. కానీ అది రాని పని, రోజుకో నాలుగు అక్షరాలతో సాగే పని, అది చాలు.

ఏది ఎంచుకున్నా ముందు చెవులు చూపించండి. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం సరిచేసుకోగల 14 కారణాలు చెప్పింది. అందులో వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, ఒంటరితనం మూడూ ఉన్నాయి. "నాకు ఆసక్తి లేదు" అని గుంపులోంచి లేచి వచ్చేసే పెద్దాయనకు మాటలు సరిగా వినబడటం లేదేమో. తిరుపతి రుయా ఆసుపత్రిలో చెవి డాక్టరుకు చూపించి, వినికిడి మిషన్ పెట్టించాల్సివస్తే పెట్టించి, ఆ తర్వాత ఏ క్లాసులో చేర్చాలో ఆలోచించండి.