తొండం విరిగిన ఏనుగు గడియారం: నాలుగేండ్ల వాడకం తర్వాత

మా హాల్లో గోడ మీద ఒక ఏనుగు ఉంది. తొండం పైకెత్తి, పొట్ట మీద పన్నెండు అంకెలు మోస్తూ నాలుగేండ్ల నుంచి నడుస్తోంది. 2021 మేలో లాక్‌డౌన్ పెట్టి పొద్దున పది దాకే షాపులు తెరిచిన రోజుల్లో, బడి లేక, చేతులు ఊరుకోక నేను చేసుకున్న గోడ గడియారం అది. కొత్తలో ఎవరడిగినా సూపర్ అనేవాణ్ణి. ఇప్పుడు అడిగితే బొమ్మగా 90 మార్కులు, గడియారంగా 60 వేస్తా.

మొదట అనుకున్నది గుడ్లగూబ. ముఖం గుండ్రం కాబట్టి డయల్‌కు కుదురుతుంది. కాగితం మీద గీసింది చూసి అమ్మ "గూబను తెచ్చి ఇంట్ల పెడ్తవా బిడ్డా?" అంది. ఆ కాగితం అక్కడే చింపేశా. జింక గీస్తే డయల్ పెట్టే జాగానే లేదు. ఏనుగుకు పొట్టే డయల్. కాకపోతే తొండం పైకి ఉంటేనే శుభమని అమ్మ షరతు. కొంప ముంచింది ఆ షరతే.

చెక్క కొనలేదు. ఊళ్లో పాత ఇల్లు కూలగొట్టినప్పుడు దాచిన టేకు తలుపు ఉంటే, అందులోంచి అంగుళం మందం, తొమ్మిది అంగుళాల వెడల్పున్న రెండు పలకలు తీసి, ఒకదాని కింద ఒకటి అంచుకు అంచు ఆనించి ఫెవికాల్‌తో అతికించా. నల్లగొండలో మా వీధి చివరున్న వడ్లాయన జిగ్‌సాతో కోసిపెట్టాడు. కోస్తూనే "సార్, చెక్క నార అడ్డం పోతుంది, మీ తొండమేమో నిలువున్నది, ఆగదు" అన్నాడు. నేను వింటే కదా.

చెక్క నార వెంబడి గట్టిగా ఉంటుంది, నారకు అడ్డంగా పుటుక్కుమంటుంది. పొయ్యిలోకి కట్టెలు చీల్చినవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. కాళ్లు లావు కాబట్టి బతికిపోయాయి. తొండం మాత్రం 2022 దసరా ముందు ఇల్లు దులుపుతుంటే బూజు కర్ర తగిలి సగానికి విరిగింది. రెండు ముక్కల్లోనూ సన్న రంధ్రం వేసి, వెదురు పుల్ల మేకులా దిగ్గొట్టి, ఫెవికాల్ పోసి రాత్రంతా తాడుతో కట్టి ఉంచా. ఇప్పటికీ ఆగింది, కానీ దగ్గరికొస్తే అతుకు కనిపిస్తుంది. సన్నని కొమ్ములు, తోకలు, తొండాలు ఉన్న బొమ్మకు టేకు పలక కంటే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మేలు. దాంట్లో ఒక్కో పొర నార ఒక్కో దిక్కుకు పోతుంది కాబట్టి ఏ వైపు నుంచి దెబ్బ తగిలినా తట్టుకుంటుంది. అందం టేకుదే, ఒప్పుకుంటా.

మన నల్లగొండ ఎండలు తెలిసినవే. ఏప్రిల్, మే వచ్చిందంటే రెండు పలకల అతుకు దగ్గర 9 నుంచి 3 దాకా డయల్ మీద వెంట్రుకంత చీలిక కనిపిస్తుంది. వానలు పడ్డాక అదే మూసుకుంటుంది. చెక్క పొడవులో పెద్దగా కదలదు, వెడల్పులోనే ముడుచుకుంటుంది, ఉబ్బుతుంది. మొదటి ఏడాది టెన్షన్ పడి లప్పం పెట్టా. వానాకాలంలో ఆ లప్పం పెచ్చులై రాలింది. తర్వాత వదిలేశా.

అంకెలకు మాత్రం కష్టపడలేదు. నేను లెక్కల టీచర్‌ని. వృత్తం గీసిన కంపాస్‌ను కదపకుండా అదే కొలతతో చుట్టూ గుర్తులు పెడితే సరిగ్గా ఆరు వస్తాయి. మధ్యలో సగం చేస్తే పన్నెండు. ప్రొట్రాక్టర్ అక్కర్లేదు.

అసలు పాట్లు వెనకవైపు పడ్డా. మామూలు క్వార్ట్జ్ మిషన్ పెట్టె ఒక వైపు 56 మిల్లీమీటర్ల చదరం ఉంటుంది. దాని ముల్లు గొట్టం పొట్టిది, అంగుళం చెక్క దాటి బయటికి రాదు. అందుకని వెనక ఉలితో గుంత తవ్వి, ముందువైపు నాలుగు మిల్లీమీటర్లే మిగల్చాలి. తవ్వాను, కానీ మరీ బిగుతుగా తవ్వాను. సెల్ తీయడానికి వేలు పట్టదు! ఆర్నెల్లకోసారి ముందు నుంచి ముళ్లు పీకి, నట్టు విప్పి, మిషన్ మొత్తం బయటికి తీయడమే. బద్ధకించి ఒకసారి అయిపోయిన సెల్‌ను అట్లే వదిలేస్తే కారి, లోపలి రాగి రేకు పచ్చగా తిని మొదటి మిషన్ పోయింది. క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో వంద లోపే కొత్తది దొరికింది. అదే రోజు సెల్ పక్కన బొటనవేలు పట్టేంత గాడి తవ్వా. మొదటి రోజే తవ్వాల్సిన గాడి అది.

టైమ్ విషయంలో మిషన్‌ను తప్పు పట్టను. లోపలి క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేను సార్లు సగం చేస్తూ పోతే 1 వస్తుంది, అదే ఒక టిక్కు. తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయించా, ఘాతాంకాల పాఠం ఆ రోజు అందరికీ ఎక్కింది. మా ఏనుగు నెలకు పదిహేను, ఇరవై సెకన్ల కంటే ఎక్కువ తేడా చూపించలేదు.

చెడగొట్టింది నేను. ఇత్తడి రంగు ముళ్లు టేకు రంగులో కలిసిపోయి సోఫా నుంచి కనిపించట్లేదని తెల్ల ఎనామిల్ రెండు కోట్లు వేశా. ముళ్లు బరువెక్కాయి. సెల్ కొంచెం నీరసపడగానే సెకన్ల ముల్లు 45 దగ్గర ఎక్కలేక అక్కడే కొట్టుకునేది. ముల్లు అడ్డంగా ఉండి పైకి లేవాల్సిన చోటు అదే కాబట్టి బరువంతా అక్కడే తెలుస్తుంది. మా పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది, గర్భగుడిలో పడే నీడ పొద్దంతా చోటు మారదు. ఒకరోజు మావాడు బడికి తయారవుతూ "నాన్నా, మన గడియారం పానగల్లు గుడి లెక్క అయింది" అన్నాడు. చూస్తే ఇంకా ఏడున్నరే. ఆ రోజు ఇద్దరం బడికి లేటు. సాయంత్రం సెకన్ల ముల్లు పీకేసి, మిగతా రెంటి రంగు గీకి పల్చగా ఒకే కోటు వేశా. మళ్లీ ఆగలేదు.

బరువు రెండు కిలోల పైనే ఉంది. మామూలు మేకుకు తగిలిస్తే సిమెంటు పెచ్చు లేచింది. డ్రిల్ చేసి, ప్లగ్ కొట్టి, స్క్రూ బిగించాకే నిమ్మళం.

మా బామ్మర్దికి ఇదే కావాలట. ప్లైవుడ్ తెచ్చుకొమ్మన్నా. ఈసారి తొండం కిందికి దించి ముందు కాలికి ఆనిస్తా, విరగదు. అమ్మకు ఇంకా చెప్పలేదు.