మార్చకుండా నడిపిన పద్మిని: నల్లగొండ ఎండల్లో, శ్రీశైలం ఘాట్‌లో నా అనుభవం

మాది 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని, జనం ఫియట్ అని పిలిచే పాత కారు. నాన్న కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. కవర్ కప్పి షెడ్డులో దాచుకున్న బండి కాదిది. నల్లగొండలో మార్కెట్‌కు, మిర్యాలగూడలో చుట్టాలింటికి, వీలు చిక్కినప్పుడల్లా శ్రీశైలానికి దీంట్లోనే పోతాం. మహబూబ్‌నగర్‌లో మా బావకు కూడా ఇలాంటి పద్మినే ఉంది. బావ దానికి ఇంజన్ మార్పించాడు, స్టీరింగ్ పక్కనున్న గేరును కిందికి దింపించాడు, ఏసీ పెట్టించాడు, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించాడు. పెళ్లిళ్లకు, పండగలకు బండ్లు మార్చుకుంటుంటాం కాబట్టి రెండింటినీ బాగానే నడిపాను. పాత కారును ఒరిజినల్‌గా ఉంచాలా, మాడిఫై చేయించాలా అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

నా ఓటు ఒరిజినల్‌కే. పాతదంటే ఇష్టం ఉండటం ఒక కారణం, ఒప్పుకుంటాను. కానీ అంతకంటే పెద్ద కారణం వేరే ఉంది. జనం ఏ ఇబ్బందులు చూసి ఈ కారుకు మార్పులు చేయిస్తారో, వాటిలో చాలా వరకు సరైన సర్వీసింగ్ లేక వచ్చినవే. సర్వీసింగ్ సరిగా జరిగితే ఆ మార్పు అవసరమే పడదు.

అందరూ మొదట చెప్పేది హీటింగ్ గురించి. మే నెలలో మన నల్లగొండలో 44, 45 డిగ్రీలు మామూలు సంగతి. ఆ ఎండలో పద్మిని తట్టుకోదని, పెద్ద రేడియేటర్ వేయించి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించమని కనిపించినవాళ్లల్లా సలహా ఇస్తారు. నా చేతికొచ్చిన కొత్తలో మా బండి కూడా దేవరకొండ దాటేసరికి టెంపరేచర్ సూదిని పైకి లేపేది. అప్పుడు ఫియట్‌ల మీదే జీవితమంతా పనిచేసిన ఒక మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రేడియేటర్ చల్లారేదాకా ఆగి, మూత తీసి, లోపల వేలు తిప్పి బయటకు తీశాడు. వేలికి తెల్లటి సున్నం లాంటి పొర అంటుకుంది. "బోరు నీళ్లు పోస్తున్నరు గదా సార్, ఇగ పైపులన్నీ గట్టకట్టినయ్. ఫ్యానేం జేస్తది పాపం" అన్నాడు.

మన జిల్లా నీళ్లనగానే ఫ్లోరైడే గుర్తొస్తుంది. మనుషుల ఎముకలను తినేది అదే. రేడియేటర్‌కు మాత్రం అసలు శత్రువు ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు కాగిన కొద్దీ అవి సన్నటి ట్యూబుల గోడలకు పేరుకుపోతాయి. నీటి దారి ఇరుకవుతుంది, వేడి బయటికి పోదు. ఈ ఇంజన్‌కు బ్లాక్ ఇనుముదే అయినా దాని మీద మూతలా ఉండే హెడ్ అల్యూమినియంది. ఒకసారి గట్టిగా హీటెక్కితే హెడ్ వంగుతుంది, ఆ రెండింటి మధ్య ఉండే గ్యాస్‌కెట్ పోతుంది, ఆ తర్వాత ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా లాభం ఉండదు.

భాయ్ రేడియేటర్ విప్పి రాడింగ్ (సన్నటి ఊచలతో ట్యూబుల్లోని పూడిక తీయడం) చేయించాడు, బ్లాక్‌లో పేరుకున్న తుప్పు కడిగించాడు. ఎవరో ఎప్పుడో పీకి పారేసిన థర్మోస్టాట్ వాల్వ్‌ను (ఇంజన్ కాగేదాకా నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపేది) మళ్లీ వేశాడు. వేడి తగ్గుతుందని మన దగ్గర చాలామంది మెకానిక్‌లు ఆ వాల్వ్ తీసేస్తారు. తీసేస్తే చలికాలంలో ఇంజన్ సరైన వేడికి రాక, కార్బన్ పట్టి, బోర్ (పిస్టన్ ఆడే గొట్టం) తొందరగా అరుగుతుంది. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడి ఉంటే దాన్ని కూడా సరిచేశాడు. టైమింగ్ తప్పినా ఇంజన్ కాగుతుందని చాలామందికి తెలియదు. అప్పటి నుంచి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ తప్ప ఇంకో చుక్క పోయలేదు. రేడియేటర్ కంపెనీదే, ఫ్యాన్ కూడా బెల్టు మీద తిరిగే పాతదే. మే నెల మధ్యాహ్నం నార్కట్‌పల్లి జంక్షన్‌లో లారీల వెనక ఇరుక్కున్నా సూది మధ్యలోనే ఉంటోంది.

ఎండకు సంబంధించి ఒక్క ఇబ్బంది మాత్రం మిగిలింది. బాగా వేడి మీద ఆపి, టీ తాగి వచ్చి స్టార్ట్ చేస్తే సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజన్ వెంటనే అందుకోదు. కార్బురేటర్‌లోని పెట్రోల్ ఇంజన్ వేడికి మరిగి, ఇంజన్‌లోకి దారితీసే మానిఫోల్డ్ గొట్టంలోకి చేరుతుంది. అలాంటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి, పంపు కొట్టినట్టు తొక్కకూడదు. అలవాటైతే పెద్ద సమస్య కాదు. కొత్తవాళ్లకు మాత్రం నడిరోడ్డు మీద టెన్షన్ పుట్టిస్తుంది.

ఇక హ్యాండ్ గేరు, అంటే స్టీరింగ్ పక్కనుండే గేరు. ఈ కారులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ముందు సీటు ఒకే బెంచీ, మధ్యలో అడ్డం ఏమీ ఉండదు, ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు. బాగున్న లింకేజీతో సెకండ్ నుంచి థర్డ్‌కు మార్చేటప్పుడు లివర్ తనంతట తానే దారి చూసుకున్నట్టు జారుతుంది, చేతికి "టక్" అని చిన్న తాకిడి తెలుస్తుంది. కానీ చాలా పద్మినీల్లో ఇది దక్కదు. లివర్ వదులుగా ఊగుతుంది, గేర్లు పడవు, ఒక్కోసారి రెండు గేర్ల మధ్య ఇరుక్కుంటుంది. వెంటనే "ఫ్లోర్ గేరు పెట్టించెయ్" అంటారు. నిజానికి అరిగేవి స్టీరింగ్ కాలమ్ నుంచి గేర్ బాక్స్ దాకా పోయే రాడ్ల చివరి బుష్‌లు. రూపాయి నాణెమంత ముక్కలు. వాటిని మార్చి, రాడ్ల పొడవు సరిచేస్తే అయిపోతుంది. ఫస్ట్ గేరుకు సింక్రో (తిరిగే గేర్ల వేగాన్ని కలిపే ఏర్పాటు) లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వేయాలి, అంతే.

బావ కారులో ఈ బుష్‌ల దగ్గరే కథ మొదలైంది. గేర్లు పడట్లేదని ఫ్లోర్ గేరు కావాలనుకున్నాడు. ఫ్లోర్ గేరు కావాలంటే గేర్ బాక్స్ మారాలి. బాక్స్ మారుస్తున్నాం కదా, ఇంజన్ కూడా దానిదే వేస్తే పని సులువన్నారు. అలా ప్రీమియర్ కంపెనీదే ఇంకో కారు, 118 ఎన్ఈలోని 1171 సీసీ నిస్సాన్ ఇంజన్ వచ్చి కూర్చుంది. మన పద్మినిది 1089 సీసీ. కొత్త ఇంజన్ కోసం మౌంటింగులు కోసి వెల్డింగ్ చేశారు, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మార్చారు, ఫ్లోరు మధ్యలో రంధ్రం పెట్టారు. పికప్ పెరిగింది కాబట్టి బ్రేకులు చాలట్లేదనిపించి డిస్క్‌లు వేయించారు. డిస్క్‌లకు పెడల్ గట్టిగా తొక్కాల్సి రావడంతో తొక్కే బలాన్ని పెంచే బూస్టర్ తగిలించారు. ఏసీ పెట్టేసరికి రేడియేటర్ చాల్లేదు, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టారు. ఫ్యాన్‌కు కరెంటు చాలక వైరింగ్ అంతా మార్చారు. ఏ మార్పూ ఒంటరిగా రాలేదు, ప్రతిదీ ఇంకోదాన్ని వెంట తెచ్చింది. ఆ వర్క్‌షాపు వాళ్లు ఏ వైరు ఎక్కడికి పోతుందో ఒక్క కాగితం మీద కూడా రాసివ్వలేదు. ఇప్పుడు హారన్ మోగకపోయినా ఏ మెకానిక్‌కూ అంతు చిక్కదు.

అయితే బావ బండిలో మెచ్చుకోవాల్సినవి కూడా ఉన్నాయి. జాతీయ రహదారి 44 మీద జడ్చర్ల నుంచి హైదరాబాద్ దాకా 90లో శబ్దం లేకుండా పోతుంది. నా బండి 70 దాటితే ఇంజన్ మోత మొదలవుతుంది, 60, 65 దగ్గరే దానికి సుఖం. ఎండాకాలంలో మా అత్తమ్మ ఆ ఏసీలో నిద్రపోతూ ప్రయాణం చేస్తుంది. నా కారులో అయితే ముందు కిటికీల త్రికోణపు క్వార్టర్ గ్లాసులను లోపలికి తిప్పి గాలిని ముఖం మీదికి మళ్లించుకోవాలి. మార్చి దాకా అది చాలా హాయి, మే నెలలో వడగాలే. రోజూ హైదరాబాద్‌కు పోయి రావాల్సినవాళ్లకు నేను ఒరిజినల్ పద్మిని చెప్పను.

బ్రేకుల దగ్గర నేను చాలా ఆలోచించాను, ఎందుకంటే ఇది ప్రాణాల సంగతి. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, బూస్టర్ లేదు. మన్ననూర్ చెక్‌పోస్టు దాటాక నల్లమల అడవిలో రోడ్డు పర్వాలేదు. దోమలపెంట దాటి డ్యాం వైపు దిగే మలుపుల్లోనే అసలు పరీక్ష. కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే డ్రమ్ములు కాగి, లైనింగ్ వాసన వచ్చి, పెడల్ తొక్కినా బండి ఆగని పరిస్థితి వస్తుంది. పాత డ్రైవర్లు చెప్పిన పద్ధతి ఒకటే: ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. సెకండ్‌లో వదిలితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, మలుపుకు ముందు మాత్రమే బ్రేకు. డ్రమ్ములను ఘాట్‌కు పోయే ముందు చేత్తో అడ్జస్ట్ చేయిస్తాను, బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి పూర్తిగా మారుస్తాను. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమ చేరిన ఆయిల్ తొందరగా మరుగుతుంది. ఇవన్నీ పాటిస్తే డ్రమ్ములు సరిపోతాయని నా అనుభవం. ముందున్న కొత్త కారు సడెన్‌గా ఆగినంత దూరంలో ఇది ఆగదు కాబట్టి ఖాళీ వదిలి నడపాలి. (రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలోకి బండ్లను వదలరు. లైట్లు తక్కువగా ఉన్న పాత కార్లవాళ్లు వెలుగుండగానే ఆ దారి దాటేలా చూసుకోవడం మేలు.)

అలాగని నేను దేన్నీ ముట్టుకోలేదని కాదు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టించాను. డైనమోతో బండి ఆగి ఉన్నప్పుడు చార్జింగే ఉండదు, రాత్రి హెడ్‌లైట్లు కొవ్వొత్తుల్లా వెలుగుతాయి. లైట్లకు రిలేలు (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే స్విచ్చులు) వేయించాను. పాత స్విచ్చు గుండా పోయే కరెంటు దారిలోనే తగ్గిపోయేది, ఇప్పుడు అదే అద్దం, అదే గిన్నె, మామూలు హాలోజెన్ బల్బుతోనే రోడ్డు స్పష్టంగా కనిపిస్తుంది. ఇవి రెండూ బోల్టులు విప్పితే మళ్లీ పాత స్థితికి వచ్చే మార్పులు. తీసిన డైనమో అటక మీద భద్రంగా ఉంది. సీటు బెల్టుల కోసం మాత్రం బాడీకి రంధ్రాలు వేసి, లోపల మందపాటి ప్లేట్లు బిగించాల్సి వచ్చింది. పిల్లలను ఎక్కించుకునే బండి కాబట్టి దానికి రెండో ఆలోచన పెట్టుకోలేదు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఒరిజినల్ ప్రేమికులు తప్పకుండా పట్టించుకోవాల్సింది ఇదే. పాత రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపులోని డయాఫ్రమ్, కార్బురేటర్ గ్యాస్‌కెట్లు దానికి తట్టుకోవు. ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి, వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్పించండి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒరిజినాలిటీ ఎక్కడికీ పోదు. ఇథనాల్ వల్ల గాలి, పెట్రోల్ మిశ్రమం పలచబడుతుంది కాబట్టి కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే రంధ్రాన్ని, అంటే జెట్‌ను ఒక సైజు పెంచాల్సి రావచ్చు. వారాల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచితే నీటిని పీల్చి ట్యాంకుకు లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. వారానికోసారైనా బండి తీయడం మంచిది.

కాగితాల సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇంజన్ మారిస్తే ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు పోయినప్పుడు చాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ చూస్తారు. నాకు అది ఒక పూటలో అయ్యే పని. బావకు ప్రతిసారీ రాత్రి నిద్ర ఉండదు.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటికే ఆ రిజిస్ట్రేషన్. ఫీజు 20 వేలు, నంబర్‌లో వీఏ అనే అక్షరాలు వస్తాయి. మా పద్మినికి 2028లో యాభై నిండుతాయి. అయినా నేను దాన్ని వింటేజ్ కింద పెట్టదలచుకోలేదు. ఆ రిజిస్ట్రేషన్ ఉంటే ఎగ్జిబిషన్‌లకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోల్‌కు తప్ప మామూలుగా రోడ్డెక్కించకూడదు. మార్కెట్‌కు పోని పద్మిని నాకెందుకు?

స్పేర్ల విషయంలో ముందు ముందు కష్టమే. ముంబైలో కాలీ పీలీ (నలుపు, పసుపు రంగుల) పద్మినీ టాక్సీలు 2023 అక్టోబరుతో పూర్తిగా ఆగిపోయాయి. ఇన్నాళ్లూ వాటి పుణ్యమా అని దొరికిన సామాన్లు తగ్గుతున్నాయి. లైనింగులు, వీల్ సిలిండర్ కిట్లు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణీగంజ్ వైపు ఓపిగ్గా తిరిగితే ఇంకా దొరుకుతున్నాయి. క్రోమ్ బంపర్లు, తలుపు హ్యాండిళ్లు, టెయిల్ లైటు అద్దాలే దొరకడం లేదు. కొత్తగా కొనబోయేవాళ్లు ఇంజన్ ఎలా ఉందని చూసే ముందు ఇవి పూర్తిగా ఉన్నాయో లేదో చూడండి. ఇంజన్‌ను బోర్ చేయించి బాగు చేసుకోవచ్చు, పోయిన బంపర్‌ను ఎక్కడా చేయించలేం. ఫ్లోరు, తలుపుల కింది అంచులు, డిక్కీలో స్టెప్నీ కింద తుప్పు చూడండి. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నల్లగొండ, పాలమూరు బండ్లకు తీర ప్రాంతాల బండ్లంత తుప్పు ఉండదు. ఇక్కడే పుట్టి పెరిగిన బండి దొరికితే రంగు వెలిసినా సరే, దానికే మొగ్గు చూపండి. హ్యాండ్ గేరు ఊగుతోందని అమ్మేవాళ్లు ధర తగ్గిస్తే బేరం ఒప్పుకోండి, ఆ బుష్‌లు ఇంకా దొరుకుతున్నాయి.