పంటికి త్రీడీ స్కాన్ తీయించుకుంటున్నారా? శ్రీకాకుళం వాళ్ళు డబ్బు కట్టేముందు చదవండి

ఇంటికొచ్చి గంట కాలేదు, కోపం ఇంకా దిగలేదు. తప్పులుంటే సర్దుకోండి. సెంటర్ పేరు రాయను. టౌన్‌లో పంటి స్కాన్ అనగానే అందరూ ఎక్కడికి పరిగెడతారో మీకు తెలుసు కదా, అదే.

పై దవడ ఎడమ పక్క పెద్ద పన్నుకి పోయినేడాది రూట్ కెనాల్ అయింది. మళ్ళీ నొప్పి. ఈసారి చూసిన డాక్టరమ్మ, ఆ పంటికి బుగ్గవైపు ముందు వేరులో రెండో కాలువ, అంటే లోపల నరం ఉండే సన్నని దారి, ఉండే అవకాశమే ఎక్కువ, అది శుభ్రం కాకుండా మిగిలిపోయిందేమో అన్నారు. మామూలు ఎక్స్‌రేలో రెండు కాలువలూ ఒకదాని వెనక ఒకటి పడి ఒకే గీతలా కనిపిస్తాయట. అందుకని సీబీసీటీ, అంటే పంటి త్రీడీ స్కాన్, రాశారు. లోహం క్యాప్ ఉంటే బొమ్మలో చారలు పడతాయని క్యాప్ కూడా తీసేశారు. చీటీ మీద "26వ పన్ను, చిన్న ఫీల్డ్, డైకామ్ డేటా" అని గుండ్రంగా రాసిచ్చారు. 26 అంటే నా పన్నుకి డాక్టర్ల నంబరు, చిన్న ఫీల్డ్ అంటే ఆ పన్ను చుట్టూ మాత్రమే తీయడం, డైకామ్ అంటే కంప్యూటర్లో తెరిచి చూసే స్కాన్ ఫైళ్ళు. డాక్టర్ల రాతలో నేను చదవగలిగిన మొదటి చీటీ అదే.

3,000 కట్టాను. మిషన్ తల చుట్టూ ఒక్కసారి తిరిగింది. అరగంటలో పెద్ద కవరు, లోపల నిగనిగలాడే ఫిల్ము. కిలో వంకాయలకి ఒక్కోటీ తిప్పి చూసే నేను, ఆ కవరు చూసి మురిసిపోయి ఆమదాలవలస ఆటో ఎక్కేశాను.

మర్నాడు డాక్టరమ్మ ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి నిట్టూర్చారు. ఒక్క పన్ను చుట్టూ తీయమంటే రెండు దవడలూ మొత్తం తీసేశారట. బొమ్మలో ఒక్కో చుక్క 0.4 మిల్లీమీటర్లని మూలన వాళ్ళే అచ్చేసుకున్నారు. వెంట్రుకలాంటి కాలువ కనబడాలంటే 0.1 దగ్గర ఉండాలి. "ఫిల్ముతో నాకు పనిలేదండీ. వేరుని పైనుంచి కొన దాకా పొర పొరగా కంప్యూటర్లో జరుపుతూ చూడాలి. డేటా పట్రండి" అన్నారు.

ఇవాళ మళ్ళీ వెళ్ళాను. డేటా ఇవ్వరట, "ఫిల్ము ఇచ్చాం కదా" అట. మరి రెండో కాలువ ఉందో లేదో ఎలా తెలుస్తుంది బాబూ అని మర్యాదగానే అడిగాను. ఫోన్ లోంచి తల ఎత్తకుండా ఆ సెంటర్ మనిషి అన్నమాట: "ఏటి మేస్టారూ, పంటిలో కాలవలు లెక్కెట్టడానికి అదేటి, వంశధారేటి?"

బెంచీ బెంచీ అంతా నవ్వింది. నా దగ్గర డబ్బు లెక్కపెట్టి తీసుకున్న అమ్మాయి నవ్వింది. బుగ్గ వాచి నోరు తెరవలేని పెద్దాయన కూడా, పాపం, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఇరవై రెండేళ్ళు పిల్లల్ని అదలించిన గొంతు నాది. ఏమన్నానో తెలుసా? "సరేనండీ" అన్నాను. పైగా "అండీ" ఒకటి!

లెక్కపెట్టినవాళ్ళున్నారు నాయనా. వెర్టూచీ అనే అమెరికా డాక్టరు 2,400 పళ్ళకి రంగు ఎక్కించి, పళ్ళని గాజులా చేసి, లోపలి కాలువలు ఎనిమిది రకాలని 1984లోనే తేల్చాడు. ఇది ఇంటికొచ్చాక ఫోన్‌లో చదివాను. అక్కడ గుర్తొచ్చి ఉంటే ఎంత బాగుండేది.

చివరికి గట్టిగా అడిగితే డేటా చెరిపేశామన్నారు, రెండు రోజులకే. కావాలంటే మళ్ళీ 3,000 కట్టి తీయించుకోవాలట. డబ్బు సరే, అక్కర్లేని ఎక్స్‌రే ఒంట్లోకి ఇంకోసారి ఎందుకు? రసీదు చూపిద్దామంటే దాని మీద "స్కాన్" అన్న ఒక్క ముక్కే ఉంది. ఏ స్కానో, ఎవరి పన్నో లేదు.

వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టకముందే చీటీ చూపించి ఫీల్డ్ ఎంత, చుక్క సైజు ఎంత, డైకామ్ ఇస్తారా అని అడగండి. ఇచ్చింది అక్కడే తెరిచి చూపించమనండి. రసీదు మీద సీబీసీటీ అని రాయించుకోండి.

రేపు పొద్దున్నే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో విశాఖ రైలు ఎక్కుతున్నాను. అక్కడి స్కాన్ సెంటర్‌కి ఈసారి ముందే ఫోన్ చేసి అన్నీ అడిగాను. మావాడి పెన్‌డ్రైవ్‌లో సినిమాలన్నీ చెరిపేసి జేబులో పెట్టుకున్నాను, వాడు నాతో మాట్లాడటం లేదు.