తొంభై రోజుల్లో నడుము దాకా జుట్టు అని అమ్ముతున్న నూనె కొనకండి

బాలింతలు, టైఫాయిడో డెంగీనో వచ్చి తగ్గినవాళ్లు, జుట్టు గుప్పెళ్లకొద్దీ ఊడుతోందని నిద్ర పట్టని వాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. నేను పోగొట్టుకున్నది 2,499 రూపాయలు, ఐదు నెలల మనశ్శాంతి. మీకు ఆ రెండూ మిగలాలని రాస్తున్నాను.

పాపకి నాలుగో నెల నడుస్తుండగా నాకు జుట్టు ఊడడం మొదలైంది. తల దువ్వితే దువ్వెన నిండా, తలంటుకుంటే బాత్రూమ్ జాలీ నిండా అదే. పాలు తాగుతూ పాప పిడికిలి బిగిస్తే ఆ పిడికిట్లో కూడా నా వెంట్రుకలే. "పిల్ల నవ్వే వేళకి తల్లికి జుట్టు ఊడుతుందే, ఏడాది నిండేసరికి అదే సర్దుకుంటుంది" అని అమ్మ చెబుతూనే ఉంది. పెళ్లినాటికి నడుము దిగిన జడ నాది. పాపిడి వెడల్పవుతుంటే అద్దంలో చూసుకుని ఏడ్చేదాన్ని. అమ్మ మాట చెవికెక్కలేదు.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఆ వీడియో వచ్చింది. మోకాళ్ల దాకా జుట్టు విరబోసుకున్న ఆడవాళ్లు, పక్కన పెద్ద బాణలిలో వేర్లూ ఆకులూ కాగుతున్న నూనె, "తొంభై రోజుల్లో ఫలితం, లేదంటే డబ్బు వాపస్" అన్న మాట. కింద వందల మంది మెచ్చుకోలు. మూడు సీసాల కోర్సు ఆర్డర్ పెట్టాను, డబ్బు పార్సిల్ వచ్చాక ఇచ్చేలా. డబ్బు చేతిలో పెట్టేదాకా పెట్టె విప్పనివ్వలేదు. విప్పి చూస్తే సీసా మీద ఆకుల బొమ్మలు తప్ప ఏం లేదు. ఏమేం కలిపారో లేదు, లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తయారుచేసినవాళ్ల అడ్రసు లేదు. ఆ రోజే ఆగిపోవాల్సింది.

రెండు వారాలు రాత్రిళ్లు పట్టించాను. దిండు గలేబు మీద పచ్చటి మరక పడింది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. తల దురద. తర్వాత నుదుటి మీద, చెవుల వెనక చీము పొక్కులు. వాళ్ల నంబరుకి ఫోన్ చేస్తే "వేడి బయటికొస్తోంది మేడం, మంచి లక్షణమే, ఆపొద్దు" అన్నారు. మళ్లీ చేస్తే మీ కేసు ముదిరింది, ఇంకో 6,000 పెట్టి స్పెషల్ కోర్సు తీసుకోండి అన్నారు. డబ్బు వెనక్కి అడిగితే తొంభై రోజులు వాడకుండా వాపస్ లేదట. తొంభై రోజులయ్యాక చేస్తే ఆ నంబరే పనిచేయలేదు.

స్కిన్ డాక్టరు గారు మొదట అడిగింది నా జుట్టు గురించి కాదు. "ఏం కలిపారో తెలియని నూనె తలకి రాసుకుని పసిబిడ్డని పక్కలో పడుకోబెట్టుకుంటున్నారా?" అని. నాకు గుండె జారిపోయింది. పాప ఆ జుట్టు పట్టుకుని, ఆ చేతులే నోట్లో పెట్టుకునేది కదా.

ఆమె చెప్పింది నేను అర్థం చేసుకున్నంతవరకు ఇది. ఒక్కో వెంట్రుక రెండేళ్ల నుంచి ఆరేడేళ్ల దాకా పెరుగుతుంది, తర్వాత రెండు మూడు నెలలు విశ్రాంతిలో ఉండి రాలిపోతుంది, ఆ కుదురులోంచే కొత్తది వస్తుంది. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం అందరికీ ఉన్నదే. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల రాలాల్సినవి కూడా రాలకుండా నిలిచిపోతాయి. కాన్పయ్యాక అవన్నీ ఒక్కసారే విశ్రాంతిలోకి వెళ్లి, మూడు నెలలు తిరిగేసరికి ఒక్కసారే ఊడతాయి. పెద్ద జ్వరం తర్వాత రెండు మూడు నెలలకి ఊడేదీ ఇలాంటిదే. కుదుళ్లు చచ్చిపోవు కాబట్టి, లోపల వేరే లోపం లేకపోతే, కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది.

ఇది విన్నాక ఆ తొంభై రోజుల మర్మం తెలిసింది. వాళ్లు గాలం వేసేది జుట్టు ఎక్కువగా ఊడే నెలల్లో ఉన్న మనకే. మనం నూనె రాసుకుంటూ ఉండగానే ఆ నెలలు గడిచిపోతాయి, ఊడడం తగ్గుతుంది, చిన్న చిన్న వెంట్రుకలు మొలుస్తాయి. ఒంటి పని ఒళ్లు చేసుకుంటే పేరు సీసాకి వస్తుంది. ఆ మెచ్చుకోళ్లలో కొన్ని నిజంగా నిజాయితీగా రాసినవే అయివుంటాయి, అదే నాకు ఎక్కువ బాధ. మన అమ్మలు ఊరికే చెప్పిన మాటని మనకే 2,499కి అమ్ముతున్నారు.

ఇంకో లెక్క కూడా చూడండి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, మహా అయితే ఇంకాస్త. తొంభై రోజులంటే రెండు వేళ్ల వెడల్పు. భుజాల దగ్గరి జుట్టు నడుము దిగాలంటే రెండున్నర మూడేళ్లు పడుతుంది. అంటే నడుము దిగిన జడ కొసన ఉన్న వెంట్రుక నాలుగైదేళ్ల ఎండా, ఉప్పునీళ్లూ, దువ్వెన లాగుళ్లూ తిన్నది. పొడుగు జుట్టంటే పెంచడం కన్నా, పెరిగినదాన్ని తెగకుండా కాపాడుకోవడమే ఎక్కువ. మా అమ్మమ్మ తడి తల ఎప్పుడూ దువ్వనిచ్చేది కాదు. చిక్కు కొస నుంచి మొదలుపెట్టి పైకి తీసేది. తలంటు ముందు కొబ్బరి నూనె, తర్వాత కుంకుడు రసం, పడుకునేటప్పుడు వదులుగా జడ. గుంటగలగరాకు రసం నూనెలో పోసి, నీరంతా ఇగిరి చిటపటలు ఆగేదాకా పొయ్యి దగ్గరే కూర్చునేది. ఆ నూనె మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ ఆవిడ ఏనాడూ ఇన్ని రోజుల్లో ఇంత పొడుగు అని మాటివ్వలేదు.

నాకు రక్తపరీక్షలో ఐరన్ నిల్వలు బాగా తక్కువని తేలింది. ఆ సీసాల మీద పెట్టిన డబ్బు పరీక్షలకీ మందులకీ సరిపోయేది. ఊడడం ఆగకుండా సాగితే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే పరీక్ష), థైరాయిడ్ చూపించుకోండి. గుండ్రంగా ప్యాచులుగా ఊడినా, తల మీద పుండ్లు పడినా అస్సలు ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించుకోండి.

ఆయుర్వేదం మందని అమ్మే సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారుచేసినవారి పేరూ అడ్రసూ, ఏమేం కలిపారో ఉండి తీరాలి. ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే అధికారి పేరు, వివరాలు పెట్టాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి. అవి కనబడకపోతే కొనకండి. కొనేసి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫిర్యాదు ఫీజు కూడా లేదు. నేను 1915లో రాయించాను. డబ్బు ఇంకా రాలేదు. సీల్ తీయని మూడో సీసా, పార్సిల్ కవరు, డబ్బు కట్టిన రసీదు, ఫోన్లో వాళ్లు పెట్టిన మెసేజీలు అన్నీ దాచి ఉంచాను. కోపంలో మొదటి సీసా కడిగి పారేశాను, మీరు మాత్రం అలా చేయకండి. వాడిన సీసా కూడా ఉంచండి.