జీతం పెరగాలా, పథకాలు చాలా?

పీఎఫ్, ఈఎస్ఐ రిటర్నులు వేసే పనిలో ఉన్నానని తెలియగానే చాలామంది అడిగేది ఒకటే. బియ్యం ఇస్తున్నారు, ఆడవాళ్లకు బస్సు ఉచితం, ఇంకా కనీస వేతనం కూడా పెంచాలా అని.

పథకాలను తీసిపారేయలేం. తెలంగాణలో కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం అంటే నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలు. పైగా అవి అడ్డా కూలీకి, ఇళ్లలో పాచిపని చేసే ఆమెకూ అందుతాయి. పే స్లిప్ అంటేనే తెలియని వాళ్ల దాకా జీతం పెంపు జీవో చేరడం కష్టం.

అయినా నా మొగ్గు జీతం వైపే. ఎందుకంటే పీఎఫ్ లాంటివి బేసిక్, డీఏ (కరువు భత్యం) మీదే లెక్క కడతారు. ఆ రెండూ కలిపి 12,000 ఉన్న సెక్యూరిటీ గార్డును తీసుకోండి. పీఎఫ్‌కు అతని వాటా 1,440, యజమాని వాటా మరో 1,440. గ్రాట్యుటీ, బోనస్ లెక్కలూ దాన్ని బట్టే. అసలు సంగతి ఓవర్‌టైమ్ (ఓటీ)లో ఉంది. కనీస వేతనం 8 గంటల పనికి. గార్డు డ్యూటీ 12 గంటలు. మిగతా 4 గంటలకు రెట్టింపు రేటు కడితే ఇంకో 12,000 రావాలి, మొత్తం 24,000. చాలాచోట్ల 12 గంటలకూ కలిపి 14, 15 వేలతో సరిపెట్టేస్తారు. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఓటీ కాలమ్ ఖాళీగా ఉంటుంది. సన్నబియ్యం ఎన్ని కిలోలు ఇచ్చినా ఈ లోటు పూడదు.

ఒక చిక్కుంది. తెలంగాణ పట్టణాల్లో రేషన్ కార్డుకు ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదు. భార్యాభర్తలిద్దరూ 12,000 చొప్పున తెచ్చుకుంటే 2.88 లక్షలు. జీతంతో పాటు ఆ పరిమితినీ జరపకపోతే ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో లాక్కున్నట్టే.

పన్ను రాయితీ అనేవాళ్లూ ఉన్నారు. ఈ జీతాలకు ఇన్‌కమ్ ట్యాక్సే పడదు, వదిలేద్దాం.

జీతాలు పెంచితే చిన్న టిఫిన్ సెంటర్ ఓనరు ఒక మనిషిని తగ్గిస్తాడన్న భయం ఉత్తిదేం కాదు. కానీ ఏళ్ల తరబడి నానబెట్టి ఒక్కసారిగా పెంచితేనే అంత దెబ్బ. ఐదేళ్లకు మించకుండా సమీక్షించాలని 1948 నాటి కనీస వేతనాల చట్టమే చెప్పింది. జాతీయ ఫ్లోర్ వేతనం, అంటే దేశమంతటికీ కేంద్రం సూచించే అట్టడుగు వేతనం, 2017లో రోజుకు 176 రూపాయలైంది. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2019లో 375 ఉండాలంది. ఆ తర్వాత కూడా ఏళ్లపాటు దాదాపు పాత అంకె దగ్గరే ఆగిపోయింది.

పెంచినంత మాత్రాన చేతికి వస్తుందన్న గ్యారంటీ లేదు, నిజమే. జీతం బ్యాంకులో పడ్డాక కొంత నగదుగా వెనక్కి తీసుకునే కాంట్రాక్టర్లున్నారు. మీరు అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఉంటే, ఏజెన్సీ బిల్లు పాస్ చేసే ముందు పీఎఫ్ చలానాతో పాటు మస్టర్ కూడా తెప్పించుకుని, ఓటీ గంటలు రాశారో లేదో చూడండి. గార్డును విడిగా పిలిచి చేతికెంత వస్తోందో అడగండి.