క్యారియర్ వల్ల పెరిగే గాలి నిరోధం: ట్యాంకు లెక్క మేలా, కోస్ట్‌డౌన్ మేలా?

జడ్చర్ల నుంచి హైదరాబాదుకు తరచూ వెళ్లివచ్చే మా చిన్న కారు పైకప్పుకు క్యారియర్ బిగించాక, గాలి దాన్ని ఎంత వెనక్కి లాగుతోందో తేల్చుకోవలసి వచ్చింది. అందరూ చేసేది ట్యాంకు నింపి చూడడమే. రానుపోను సుమారు 170 కిలోమీటర్లకు పది లీటర్లు పడతాయనుకుంటే, బంకులో నాజిల్ ఒకసారి ముందే ఆగి, మరోసారి ఆలస్యంగా ఆగినందువల్ల అర లీటరు తేడా వచ్చినా లెక్క 5 శాతం తప్పుతుంది. ఏసీ, ట్రాఫిక్ సంగతి సరేసరి.

విండ్ టన్నెల్, అంటే నిలిపిన కారు మీదికి గాలి వదిలి పరీక్షించే సొరంగం, గాలి నిరోధాన్ని విడిగా కొలుస్తుంది కానీ, అది మనకు అందేది కాదు.

కోస్ట్‌డౌన్ పద్ధతిలో కారును గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటించి, ఇంజిన్ ఆపకుండానే న్యూట్రల్‌లో వదిలి, వేగం పడిపోయే తీరును సెకన్లలో నమోదు చేస్తారు. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, టైర్ల దొర్లుడు ఘర్షణ మాత్రం పెద్దగా మారదు. అందుకే రెండింటినీ విడదీయవచ్చు. వెయ్యి కిలోల మామూలు కారుకు లెక్క వేస్తే, 80 నుంచి 70కి దిగడానికి 11 సెకన్లు, 45 నుంచి 35కి దిగడానికి దాదాపు 19 సెకన్లు పడతాయి.

అయితే దీనికి చాదస్తం ఎక్కువ. గంటకు 7 కిలోమీటర్ల ఎదురుగాలి ఉన్నా, 80 వేగం దగ్గర గాలి నిరోధం దాదాపు 18 శాతం పెరుగుతుంది కాబట్టి అదే రోడ్డుపై రెండు దిక్కులా నడిపి సగటు తీయాలి. నూరు మీటర్లకు అర మీటరు వాలు కంటికి ఆనదు గానీ, దొర్లుడు ఘర్షణలో సగం బలాన్ని అదే మింగేస్తుంది. సముద్ర మట్టానికి 500 మీటర్ల ఎత్తున ఉన్న పాలమూరులో, 40 డిగ్రీల ఎండలో ఘనపు మీటరు గాలి సుమారు 1.06 కిలోలే తూగుతుంది; పుస్తకాల్లో ఉన్న 1.225 వేస్తే నిరోధ గుణకం (కారు ఆకారాన్ని బట్టి గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) 13 శాతం తక్కువగా తేలుతుంది.

అయినా నా ఓటు కోస్ట్‌డౌన్‌కే, ఎందుకంటే నాకు కావలసింది గుణకం కాదు, క్యారియర్ ఉన్నప్పుడు, లేనప్పుడు వచ్చే తేడా. హైవే మీద కాకుండా, వాహనాలు లేని తిన్నని రోడ్డు మీద, తెల్లవారుజామున, ఒకే టైరు గాలితో చేయాలి. ఆ తేడా ఒక్క సెకను దగ్గరే ఉంటుంది కనుక స్పీడోమీటరు ముల్లును నమ్మక, పక్క సీట్లో తమ్ముణ్ని కూర్చోబెట్టి ఫోన్‌లో జీపీఎస్ వేగాన్ని రికార్డు చేయించాను. ఒక్కో దిక్కుకు పదేసి సార్లు.