ఛార్జింగ్ రేడియో కొనేముందు వెనక మూత తీయించి చూడండి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి సంతల్లో ఒకే రకం రేడియోలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఎఫ్ఎం, మీడియం వేవ్, బ్లూటూత్, పెన్‌డ్రైవ్, ముందు టార్చి లైటు, వెనక ఛార్జింగు. పెట్టె మీద పేరుంటుంది, తయారుచేసినవాళ్ల అడ్రసు ఉండదు. పాడయ్యాక రిపేరుకు తీసుకెళ్తే మెకానిక్ చూసి వెనక్కి ఇచ్చేస్తాడు. అది అతని చేతకానితనం కాదు, బాగుచేసే వీలు లేకుండానే వీటిని కట్టారు.

ముందు ప్రాణం మీదికొచ్చే సంగతి చెప్పాలి. వెనక నుంచి బయటికి లాగే రెండు పిన్నుల ప్లగ్గు ఉన్న చౌక సెట్లలో చాలావాటికి లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ‘105జె 400వి’ అని రాసిన కండెన్సరు ఒకటి, నాలుగు డయోడ్లు, అంతే. వాటి గుండానే ఇంటి కరెంటు 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి పోతుంది. 1 మైక్రోఫారడ్ ఉండే ఆ కండెన్సరు 230 వోల్టుల దగ్గర సుమారు 70 మిల్లీఆంపియర్లు వదులుతుంది. బ్యాటరీ నిండాక ఆపే ఏర్పాటు ఉండదు కాబట్టి రాత్రంతా వదిలేస్తే లోపలి తడి ఆరిపోయి డబ్బా ఉబ్బుతుంది. అంతకంటే ఘోరం, ప్లగ్గు పెట్టినంతసేపూ లోపలి సర్క్యూటంతా ఇంటి కరెంటుతో కలిసే ఉంటుంది. హెడ్‌ఫోన్ గుచ్చినా, యాంటెన్నా పట్టుకున్నా షాక్ కొట్టొచ్చు. వానాకాలం తడినేల మీద నిలబడి ముట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటిది ఇప్పటికే ఇంట్లో ఉంటే ఛార్జింగులో ఉండగా పాటలు పెట్టకండి, పిల్లల చేతికి అందనివ్వకండి. కొత్తగా మాత్రం అసలు కొనకండి.

యూఎస్‌బీ ఛార్జింగువాటికి ఈ గండం లేదు, వాటి జబ్బు వేరు. అంచులు అతికేసి ఉంటాయి, స్క్రూలుండవు. బలవంతంగా విప్పితే లోపల సంచిలాంటి పలచని లిథియం బ్యాటరీ డబుల్ టేపుతో అంటించి ఉంటుంది, దాని తీగలు బోర్డుకే సోల్డర్ చేసి ఉంటాయి. బోర్డు మధ్యలో నల్లటి జిగురు బొట్టు. చిప్పు ఆ బొట్టు కిందే ఉంటుంది. నంబరు కనబడదు, కాళ్లు అందవు. అది పోతే బోర్డు మొత్తం పోయినట్టే. కొన్నిట్లో స్విచ్ కట్టేసినా చిప్పు కాస్త కాస్త కరెంటు లాగుతూనే ఉంటుంది. నెలల తరబడి బీరువాలో పెడితే బ్యాటరీ మరీ కిందికి దిగిపోయి తిరిగి ఛార్జింగు ఎక్కదు. పాత రెండు సెల్లుల సెట్టులో సెల్లు కారినా స్ప్రింగులు గీకితే చాలు. అందులో వాడే 1619, 1691 నంబర్ల ఐసీ (చిప్పు), స్టేషన్ మార్చే గ్యాంగు, వాల్యూమ్ కంట్రోల్, స్పీకరు దేనికది విడిగా మార్చుకోవచ్చు.

మన వైపు కొండలడ్డు కాబట్టి దూరపు ఎఫ్ఎం సరిగా రాదు, తెలుగు వినాలంటే ఆకాశవాణి విశాఖ 927 కిలోహెర్ట్జ్ మీడియం వేవే దిక్కు. ఈ సెట్లలో అదే అన్నిటికంటే బలహీనం. మీడియం వేవ్ పట్టే లోపలి ఫెర్రైట్ రాడ్డు చిటికెన వేలంత కూడా ఉండదు, పక్కనే ఉన్న బ్లూటూత్, పెన్‌డ్రైవ్ సర్క్యూటు గరగరమని గోల పెడుతుంది. దుకాణంలో పెన్‌డ్రైవ్ పాట వినిపించి అమ్ముతారు, దానికి లొంగకండి. ఎల్ఈడీ లైట్లకు దూరంగా బయటికి తెచ్చి, పగటిపూటే 927 పెట్టి, సెట్టుని అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిప్పండి. మాట ఒక దిక్కున పెరిగి ఇంకో దిక్కున తగ్గితే రాడ్డు పనిచేస్తున్నట్టు. ఎటు తిప్పినా గరగరే అయితే అక్కడే వదిలేయండి.

కొనదగ్గది ఎలా ఉంటుందంటే, బ్యాటరీకి విడి మూత ఉండాలి. అందులో మామూలు సెల్లులు గానీ, పాత నోకియా ఫోన్లలో వచ్చిన బీఎల్-5సీ బ్యాటరీ గానీ, 18650 అనే గుండ్రటి లిథియం సెల్లు గానీ చేత్తో తీసి పెట్టేలా ఉండాలి. వెనక కవరు స్క్రూలతో ఉండాలి. మూత తీసి చూపించనంటే బేరం వద్దు.

సంచి బ్యాటరీ సెట్టు ఇప్పటికే కొనేసినవాళ్లు, బోర్డు బాగుంటే దాన్ని కాపాడుకోవచ్చు. పాత సంచి తీగలు ఒక్కొక్కటిగా కత్తిరించాలి, రెండూ కలిపి కత్తిరిస్తే షార్టవుతుంది. అక్కడ బీఎల్-5సీ హోల్డరు పెట్టించి ప్లస్, మైనస్ మాత్రమే కలపాలి, మధ్య కాలు వదిలేయాలి. ఛార్జింగు ఐసీ 4056 అయితే దాని 1.2 కిలో ఓముల రెసిస్టరు 1 ఆంపియర్ ఇస్తుంది, ఈ బ్యాటరీకి అది ఎక్కువ. 2 కిలో ఓములది వేయిస్తే 580 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగుతుంది. సంచి ఉబ్బి ఉంటే గుచ్చొద్దు, నొక్కొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు. విడిగా ఇసుక డబ్బాలో పెట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

సంతలో కొన్నా బిల్లు అడగండి, మోడల్ నంబరు దాని మీద రాయించండి. వారంటీ అని చెప్పి తర్వాత మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు సరుకు మీద ఫిర్యాదుకు ఫీజు లేదు, బిల్లు మాత్రం చేతిలో ఉండాలి.